స్త్రీకి మోక్షము కలదా? జైన పండితుల వేయేండ్ల వాదము

జైనుల యిరువదినలుగురు తీర్థంకరులలో పందొమ్మిదవ తీర్థంకరుని గుఱించి శ్వేతాంబరుల నడిగినచో, ఆమె మిథిలా రాజకుమారి మల్లి యని చెప్పుదురు. దిగంబరుల నడిగినచో, ఆయన మల్లినాథుడు, పురుషుడే యని చెప్పుదురు. ఉభయులకును చిహ్నము కలశమే. పూజించునది యొక్క తీర్థంకరునే. అయినను స్త్రీయా, పురుషుడా యను నొక్క విషయమున వారికి పొత్తు కుదరలేదు.

ఇది పురాణకథలలో సాధారణముగా కానవచ్చు పాఠభేదము కాదు. దీని వెనుక వేయేండ్లకు పైబడి సాగిన తత్త్వవివాద మొకటి కలదు. స్త్రీ స్త్రీజన్మమునందే మోక్షము పొందగలదా? పొందజాలదన్నచో ఆ సంగతి మన కెట్లు తెలిసినది? అసలు స్త్రీ యనగా శరీరమా, మనస్సులోని భావమా? ఈ ప్రశ్నలను మన పూర్వులు తర్కశాస్త్రమును ముందిడుకొని, ఓపికతో చర్చించిరి.

వివాదమునకు ముందు ఉభయపక్షములును అంగీకరించిన విషయములను గమనింపవలెను. జీవునకు స్వభావముచే లింగము లేదు. సమ్యగ్దర్శనము, సమ్యగ్జ్ఞానము, సమ్యక్చారిత్రము అను రత్నత్రయము పరిపూర్ణమైనపుడు కర్మము నశించి కేవలజ్ఞానము కలుగును. ముక్తుడైన జీవుడు స్త్రీయు కాడు, పురుషుడును కాడు. ఇంతవరకు భేదము లేదు. ఆ గమ్యమును చేరుటకు ఏ శరీరము తగునను చోటనే దారులు చీలినవి. శ్వేతాంబరుల కల్పసూత్రము మహావీరుని సంఘమున 14,000 మంది సాధువులును, 36,000 మంది సాధ్వులును ఉండిరని చెప్పుచున్నది. కావున ఈ ప్రశ్న ఏ యొకరిద్దరికో సంబంధించినది కాదు. ఇల్లు విడిచి, కేశములు లుంచనము చేసికొని, ఉపవాసములతో శరీరమును కృశింపజేసికొన్న వేలకొలది స్త్రీల శ్రమకు ఫలమేమి యను ప్రశ్న.

దిగంబర పక్షమునకు మూలపురుషుడుగా కుందకుందాచార్యుని చెప్పుదురు. ఆయనకును మన అనంతపురము జిల్లాలోని కొనకొండ్లకును సంబంధము కలదని సంప్రదాయము. ఆయన 'సుత్తపాహుడ'మున వస్త్రధారి తీర్థంకరుడే యైనను మోక్షము పొందడని నిర్ణయించెను. వాదసరణి యిట్లున్నది. అపరిగ్రహ మనగా దేనిని తనదిగా ఉంచుకొనకుండుట. వస్త్రమును పరిగ్రహమే. దానిని యాచింపవలెను, ఉతుకవలెను, కాపాడుకొనవలెను. ఉతుకునపుడు సూక్ష్మజీవులకు హింస తప్పదు. స్త్రీ దిగంబరిగా సంచరించుటకు వీలులేదు. కావున ఆమె మహావ్రతములు గౌరవార్థము చెప్పబడునవే గాని పూర్ణములు కావు. ఆమె పురుషజన్మ మెత్తి మోక్షము పొందవలసినదే. ఇది వట్టి ద్వేషముతో పలికిన మాట యనుట న్యాయము కాదు. తాము నమ్మిన అపరిగ్రహ నియమమును తుదివఱకు లాగిన ఫలితమిది. కాని ఆ లాగుటలో భారమంతయు ఒక్క పక్షము మీదనే పడినది.

దీనికి గట్టి సమాధానము శ్వేతాంబరులకంటె ముందు మఱియొక శాఖనుండి వచ్చినది. వారు యాపనీయులు. వీరి సాధువులు దిగంబరులవలె నగ్నముగా నుండెడివారు; సిద్ధాంతమున మాత్రము స్త్రీముక్తిని అంగీకరించెడివారు. దక్షిణాపథమున కొన్ని శతాబ్దములు వర్ధిల్లి, తరువాత పేరు మిగిల్చి అంతరించిపోయిరి. వారిలో శాకటాయనుడు 9వ శతాబ్దివాడు, గొప్ప వైయాకరణుడు. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని పేరు మీదుగా తన వ్యాకరణమునకు 'అమోఘవృత్తి' రచించినవాడు. ఆయన వ్రాసిన 'స్త్రీనిర్వాణ ప్రకరణము' చిన్న గ్రంథమే గాని, తరువాత రెండు పక్షముల పండితులును దానిని దాటి పోలేకపోయిరి.

వస్త్రము మాటకు ఆయన సమాధానము సరళమైనది. పరిగ్రహమనగా వస్తువు కాదు, దానియందలి మమకారము. దిగంబర సాధువు చేతిలో నెమలి పింఛమున్నది. అది జీవరక్షకు సాధనమే గాని ఆస్తి కాదని మీరే యందురు. సంయమమును కాపాడుకొనుటకు సాధ్వి ధరించు వస్త్రమును అట్టిదే. తాను నగ్నముగా తిరుగు శాఖకు చెందిన పండితుడే ఈ మాట పలుకుట విశేషము.

రెండవ వాదము నరకమును గుఱించినది. స్త్రీ ఎంత పాపము చేసినను ఏడవ నరకమునకు పోదని ఉభయుల ఆగమములును చెప్పుచున్నవి. అత్యంత పాపమునకు శక్తి లేనివారికి అత్యంత పుణ్యమునకు మాత్రము శక్తి యెక్కడిదని ప్రతిపక్షుల ప్రశ్న. శాకటాయనుడు ఈ రెంటికిని వ్యాప్తి లేదనెను. పక్షులు మూడవ నరకము వఱకును, చతుష్పాత్తులు నాలుగవ దానివఱకును, సర్పములు అయిదవ దానివఱకును పోవునని చెప్పుదురు. పైకి పోవునపుడు మాత్రము ఇవన్నియు ఒకే స్వర్గము వఱకు పోగలవు. చేప ఏడవ నరకమునకు పోగలదు, మోక్షమునకు పోలేదు. క్రిందికి పోవు కొలతతో పైకి పోవు శక్తిని కొలువరాదు.

మూడవ వాదమే అన్నిటికంటె లోతైనది. అది జ్ఞానమునకు సంబంధించినది. స్త్రీత్వమునకును రత్నత్రయమునకును విరోధము కలదని నిశ్చయించినవా రెవరు? రత్నత్రయము యొక్క పరాకాష్ఠ ఇంద్రియములకు గోచరము కాదు. ఒకరి హృదయమున అది యున్నదో లేదో మఱియొకరు చూడలేరు. వెలుగున్న గదిలో కుండ కనబడనిచో లేదనవచ్చును. చీకటి గదిలో కనబడలేదని లేదనుట తగదు. మన యింటి రేడియోను విప్పకయే, ఈ క్షణమున ఏ కేంద్రమును ప్రసారము చేయుట లేదని చెప్పగలమా? కానరాని దానికి విరోధమును నిరూపింపలేము. నిరూపింపనపుడు అడ్డుపెట్టుటకు అధికారము లేదు. శాకటాయనుని వాదమునకు ఇదియే ప్రాణము.

ఇక స్త్రీ యనగా ఎవరు? జైనశాస్త్రము శరీరలింగమును వేరుగాను, 'వేద' మను కామభావమును వేరుగాను చెప్పును. స్త్రీవేదము, పుంవేదము, నపుంసకవేదము అని అవి మూడు. ప్రాచీనమైన 'షట్ఖండాగమము' మానవస్త్రీకి మోక్షసోపానములన్నియు కలవని చెప్పుచున్నట్లు తోచును. దిగంబర వ్యాఖ్యాతలు దానికి, అచ్చట స్త్రీ యనగా పురుషశరీరమున స్త్రీభావము గలవాడని అర్థము చెప్పిరి. శరీరమొకటి, భావమొకటి కావచ్చునని వారు అంత పూర్వమే అంగీకరించిరన్నమాట. శాకటాయనుడు మాత్రము ముఖ్యార్థమును విడిచి గౌణార్థమును పట్టుకొనుటకు కారణమేమని ప్రశ్నించెను. పైగా మోక్షమునకు ముందే మూడు వేదములును నశింపవలెనని ఉభయులకును సమ్మతమే కదా!

ఈ వాదము తాళపత్రములతో ముగియలేదు. శ్వేతాంబర గ్రంథముల ప్రకారము 1125 ప్రాంతమున గుజరాతులోని అణహిల్లపాటకమున, సిద్ధరాజ జయసింహుని సభలో, శ్వేతాంబరుడగు వాది దేవసూరియు, కర్ణాటకము నుండి వచ్చిన దిగంబరుడగు కుముదచంద్రుడును వాదించిరి. స్త్రీముక్తి అందు ముఖ్యాంశము. దేవసూరి గెలిచెననియు, కుముదచంద్రుడు నగరము విడిచి పోయెననియు గెలిచినవారి గ్రంథములు చెప్పుచున్నవి. 1939లో షట్ఖండాగమపు మొదటి సంపుటము నేటి మహారాష్ట్రలోని అమరావతి పట్టణమున అచ్చయినపుడు, 93వ సూత్రమున 'సంజద' అను ఒక్క పదము ఉండవలెనా వలదా యని మరల పెద్ద వివాదము లేచెను. సంజద యనగా సంయమము గలది. మూడబిదిరెలోని మూల తాళపత్రప్రతిలో ఆ పదము కనబడినది. ఒక్క పదము మీద స్త్రీజాతి అర్హత యంతయు ఆధారపడినట్లయ్యెను.

మన తెలుగునాటికిని ఇందు పాలు కలదు. తూర్పు చాళుక్య రాజగు రెండవ అమ్మరాజు 10వ శతాబ్దిలో కటకాభరణ జినాలయమునకు మలియపూండి గ్రామమును దానమిచ్చెను. ఆ యాలయము యాపనీయులది. ఆ రాజే అర్హనంది యను జైనగురువునకు కలుచుంబర్రు గ్రామము నిచ్చినది, ఆ గురువు శిష్యురాలగు చామెకాంబ కోరికపై. ఆ దానము ఒక జినభవనపు భోజనశాల కొఱకు. అంతకు మున్ను 7వ శతాబ్దిలో కుబ్జవిష్ణువర్ధనుని రాణి అయ్యణ మహాదేవి విజయవాడలోని జైనవసతికి గ్రామదానము చేయించినది. ఈ స్త్రీల గురువులు స్త్రీముక్తిని గుఱించి ఏమి బోధించిరో శాసనములు చెప్పవు. ఒకటి మాత్రము చెప్పుచున్నవి. సాధువులు తలదాచుకొను చోటును, వారు భుజించు అన్నమును ఏర్పఱచిన చేతులలో స్త్రీల చేతులు కలవు.

ఇంత వాదమునకు సంబంధించి మనకు లభించిన ప్రధానగ్రంథము లన్నియు పురుషులు రచించినవే. ఎవరి మోక్షమును గుఱించి వాదమో, వారి పలుకు అందు వినరాదు. స్త్రీకి అనుకూలముగా వాదించిన శాకటాయనుడును ఆమె తరఫున మాటలాడెనే గాని ఆమెను మాటలాడించలేదు. అయినను ఆయన విడిచిపోయిన నియమము నేటికిని పనికివచ్చును. ఎదుటివారి అంతరంగమునకు హద్దు గీయదలచినవాడు, ఆ హద్దు తనకెట్లు తెలిసినదో ముందు చెప్పవలెను. చెప్పలేనిచో తలుపు మూయరాదు. బడిలోను, పనిలోను, ఇంటిలోను "ఇది ఆడువారికి చేతకాదు" అను మాట వినబడినపుడెల్ల, వేయేండ్లకు పూర్వము ఒక దిగంబరి వేసిన ప్రశ్నను మనము జ్ఞప్తికి తెచ్చుకొనవచ్చును.