రంగూన్ నదీ రేవు

రంగూన్ (యాంగోన్) రేవు మయన్మార్ (పూర్వపు బర్మా) దేశపు ప్రధాన సరుకుల రేవు. సముద్రానికి సుమారు 32 కి.మీ. ఎగువన, యాంగోన్ నది ఒడ్డున ఉంది. దేశపు సముద్ర వాణిజ్యంలో దాదాపు 90 శాతం ఈ నది మీదుగానే సాగుతుంది.

సముద్రపు అలల తాకిడి నుంచి ఓడలకు ఇక్కడ రక్షణ ఉంది. ట్వాంటే కాలువ ద్వారా ఇరావతీ నదితో పడవల రాకపోకలూ ఉన్నాయి. ఇబ్బందల్లా ఒండ్రుతోనే. బాగో నది వచ్చి కలిసే మంకీ పాయింట్ దగ్గర ఒక ఇసుక మేట, నదీముఖం వద్ద మరొకటి ఓడలకు అడ్డు. ఎంత పెద్ద ఓడ లోపలికి రాగలదో నిర్ణయించేది ఈ రెండు మేటల మీద ఉండే నీటి లోతే. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆటుకీ పోటుకీ మధ్య నీటిమట్టం దాదాపు 6 మీటర్లు మారుతుంది. సరుకుతో నిండిన ఓడ బయట లంగరు వేసి పోటు కోసం ఆగుతుంది. నది తెలిసిన పైలట్ ఎక్కి, నీరు పెరిగే వేళ చూసి దాన్ని మేటలు దాటిస్తాడు. మేటలు చోటు మారుతుంటాయి కాబట్టి లోతులు కొలవడం, బోయాలు జరపడం, పూడిక తీయడం రేవులో ఎన్నటికీ ఆగని పనులు.

1852 యుద్ధంలో బ్రిటిష్ వారి చేతికి చిక్కాక ఈ ఊరు పెద్ద రేవుగా ఎదిగింది. 1869లో సూయజ్ కాలువ తెరుచుకోవడంతో బర్మా బియ్యానికి యూరప్ దారి దగ్గరైంది. 1880లో రేవు నిర్వహణ కోసం పోర్ట్ కమిషనర్ల వ్యవస్థ ఏర్పడింది. నది ఎదుటి ఒడ్డును కోసుకుపోతుంటే, ప్రవాహాన్ని రేవు వైపే నిలపడానికి 1914 నాటికి ఆ ఒడ్డున పొడవైన రాతిగోడ కట్టారు. ఆ కాలపు ఇంజనీరింగ్‌లో అది ఎన్నదగిన పని. బియ్యం, టేకు, సిరియం ఊరి శుద్ధి కర్మాగారపు చమురు ముఖ్య ఎగుమతులు.

ఆ సరుకంతా మోసిన భుజాల్లో అధిక భాగం తెలుగువారివి. కాకినాడ, విశాఖపట్నం, కళింగపట్నం వంటి రేవుల నుంచి స్టీమర్లలో వచ్చి, మేస్త్రీల కింద కూలికి కుదిరేవారు. కోరంగి రేవు పేరిట వారిని అక్కడ కోరంగీలు అనేవారు. ఓడల్లోకి బస్తాలు ఎక్కించడం, దించడం దాదాపు వారి చేతుల్లోనే ఉండేది. రేవు చరిత్రలు గోడల గురించి, జెట్టీల గురించి చెప్పినంతగా వీరి గురించి చెప్పకపోవడం పెద్ద లోటు. 1930 మేలో కూలి పెంపు కోసం వారు సమ్మె చేస్తే యజమానులు బర్మా కూలీలను దింపారు. రాజీ కుదిరి తెలుగువారు తిరిగి పనిలోకి వచ్చేసరికి, పని పోయిన బర్మా కూలీలతో ఘర్షణ మొదలై ఊరంతా అల్లర్లుగా పాకింది. వంద మందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు భారతీయులు.

1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు రంగూన్‌పై బాంబులు వేశాయి. రేవు కూలీలు వేలాదిగా ఊరు విడిచారు. 1942 మార్చిలో నగరం జపాన్ వశమైంది. లక్షలాది భారతీయులు స్వదేశానికి బయలుదేరగా, కొండదారుల్లో ఆకలితో, రోగాలతో వేలమంది ప్రాణాలు పోయాయి. బర్మా స్వాతంత్ర్యం తర్వాత రేవు కోలుకున్నా, 1962 సైనిక పాలన తెచ్చిన జాతీయీకరణతో విదేశీ వాణిజ్యం కుంగిపోయింది.

1990లలో ప్రైవేటు పెట్టుబడిని అనుమతించాక కంటైనర్ టెర్మినళ్లు వచ్చాయి. నగరంలోని పాత జెట్టీలకు సుమారు 167 మీటర్ల పొడవు దాకా ఓడలు రాగలిగేవి. దిగువన థిలావాలో కట్టిన కొత్త రేవు 200 మీటర్ల ఓడలకు చోటిచ్చింది. అక్కడ కంటైనర్ యార్డులకు విశాలమైన స్థలమూ ఉంది. అయితే థిలావాకు రావాలన్నా నదీముఖం దగ్గరి మేట దాటక తప్పదు. అందువల్ల చాలాకాలం 9 మీటర్ల లోతు పరిమితి రెండింటికీ ఒకటిగానే కొనసాగింది. పెద్ద ఓడలు రాలేవు కనుక, ఇక్కడి కంటైనర్లు చిన్న ఓడల్లో సింగపూర్, పోర్ట్ క్లాంగ్ రేవులకు చేరి, అక్కడ దూరప్రయాణపు ఓడల్లోకి మారతాయి.