చాయ్ తాగినంక కాటేస్త

ఆదివారం సాయంత్రం. బౌద్ధనగర్‌లో మేడ మీద ఒంటి గది. చెప్పులు బయట విడిచి లోపలికి రండి. సీతాఫల్‌మండి వైపు నుంచి రైలు కూత. చాప మీద నలుగురు ఉస్మానియా విద్యార్థులు, ఒక గిటారు, ఒక డప్పు. ‘నాగిని’ సీరియల్ కథానాయిక మీద రెగే పాట కడుతున్నారు.

డప్పు పట్టినవాడిది బరాత్‌లలో తీన్‌మార్ వాయించిన చెయ్యి. ఒకటో దెబ్బకే లేచిపోతోంది.

“ఒకటి మీద కొట్టకురా, ఇడిశిపెట్టు. మూడు మీద ఎయ్యి.”

“ఒకటి మీద కొట్టకుంటే చెయ్యి ఊకుంటలేదక్కా!”

1960ల చివర్లో జమైకాలో రూపు కట్టిన ఈ రెగే సంగీతపు కిటుకంతా ఆ ఊకోవడంలోనే ఉంది. నాలుగు లెక్కల్లో మొదటిది ఖాళీ, బరువంతా మూడో దాని మీద. ‘వన్ డ్రాప్’ అంటారు. రెండుకీ నాలుగుకీ గిటారు పలకాలి. గిటారు పట్టిన అమ్మాయి ఎడమచేతి వేళ్లు చూడండి. తీగలు నొక్కీ నొక్కగానే వదులు చేస్తోంది. స్వరం సాగకుండా తెగి, ‘చక్’ అన్న ముక్కే మిగులుతోంది.

గొంతు సవరించుకుని సన్నటి కుర్రాడు అందుకున్నాడు:

“పగ వట్టిన్నే నీ మీద, పారిపోకురా
చాయ్ తాగినంక కాటేస్త, జర కూసోరా!”

డప్పు కుర్రాడు పడీ పడీ నవ్వి మళ్లీ లెక్క తప్పాడు.

ఎందుకింత నవ్వొస్తోంది? 2015లో హిందీలో మొదలై, డబ్బింగై మన ఇళ్లలోకి వచ్చిన ఆ కథలో మౌనీ రాయ్ వేసిన శివన్య కోరిన రూపం దాల్చే నాగిని. అమ్మానాన్నల్ని చంపినవాళ్ల మీద పగతో రగిలిపోతుంటుంది. ఒక్క చూపుకే కెమెరా మూడుసార్లు మీదికి దూకుతుంది, ప్రతిసారీ ఉరుము. అంత మంటను తెచ్చి తొందరే ఎరగని తాళంలో కూర్చోబెట్టారు వీళ్లు. ఉరుము పడాల్సిన చోట ఖాళీ! సీరియల్‌ని ఇష్టంగా చూసినవాళ్లకే ఇది తడుతుంది. జరుక్ శాస్త్రి పేరడీలు నిలిచిందీ అందుకే. ఎవరిని అనుకరించాడో వాళ్ల నడక ఆయన చెవిలో ఇంకిపోయింది. వెక్కిరింతలో అంత ప్రేమ ఉండాలి.

నాలుగోవాడు ఫోన్‌లో కీబోర్డు తెరిచి పాములవాడి బూర వాయిస్తున్నాడు. మన బరాత్‌లలో కర్చీఫు పళ్ల మధ్య కరిచి ఆడేది ఈ వరస మీదే. 1954 నాటి ‘నాగిన్’కి హేమంత్ కుమార్ కట్టిన బాణీ ఇది. అందులో మోగింది బూర కానే కాదు. క్లావియోలిన్ అనే కరెంటు వాయిద్యం మీద కల్యాణ్‌జీ పలికించాడు. మరి ఫోన్‌లో పలికితే తప్పేముంది?

ఒకటి... ఖాళీ. రెండు, చక్. మూడు, ధన్! పడింది దెబ్బ.

“ఆగకు, ఆగకు!” అని అరుస్తోంది గిటారమ్మాయి.

రెండో చరణం ఇంకా కుదరలేదు. ముంగిస రావాలని ఒకడు, కిరాయి అడగడానికి ఓనరు రావాలని ఇంకొకడు.

“ముంగిసనే ఓనర్ని చేస్తే?” అన్నాడు డప్పు కుర్రాడు, చెయ్యి ఆపకుండానే.