గాలిమోటరుకు పోయే బస్సు

మా ఊరి పేరు పక్కన బ్రాకెట్లో ఒక అక్షరం ఉంటుంది. ఆత్మకూర్ (ఎస్). ఆ ఎస్ సూర్యాపేటది. అటు మోత్కూరు దిక్కున ఇంకో ఆత్మకూరు ఉంది, దానికి (ఎం). రెండూ ఒకప్పుడు నల్లగొండ జిల్లా కిందివే కనుక ఉత్తరం ముక్కో, బదిలీ ఆర్డరో దారి తప్పకుండా ఈ గుర్తులు పనికొచ్చాయి. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాయి. ఆ ఆత్మకూరు యాదాద్రి భువనగిరికి పోయింది, మా ఆత్మకూరు సూర్యాపేటకు వచ్చింది. బ్రాకెట్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

విమానం టికెట్టు మీద ఈ అక్షరానికి చోటు లేదు. అక్కడ ఉండేవి మూడే అక్షరాలు: హెచ్, వై, డి. ఆ మూడూ 2008 దాకా బేగంపేటవి, తర్వాత శంషాబాద్‌వి. బేగంపేటకు ఇప్పుడు బీపీఎం అనే వేరే గుర్తు తగిలించారు. ఈ ఎస్ నుంచి ఆ హెచ్‌వైడీ దాకా సొంత కారు లేనివాళ్లు ఎట్లా పోయారు, ఎట్లా పోతున్నారు అన్నదే ఇక్కడి ముచ్చట. విమానాన్ని మా ముసలివాళ్లు గాలిమోటరు అనేవారు. మోటరంటే బస్సే, అది గాలిలో పోతే గాలిమోటరు. ఆ మాట అన్నవాళ్లకు తెలియకపోయినా, ఈ రెండు మోటర్ల పుట్టుక నిజంగానే ఒక చోట ముడిపడి ఉంది.

లెక్క 1932 నుంచి మొదలుపెట్టాలి. ఆ ఏడాది జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖను తెరిచింది. అదే ఏడాది అక్టోబరు 15న జేఆర్డీ టాటా ఉత్తరాల మూట వేసుకొని కరాచీ నుంచి బొంబాయికి చిన్న విమానం నడుపుకుంటూ వచ్చాడు. దేశంలో విమాన సర్వీసుకు అది శ్రీకారం. నిజాం బస్సులు స్కాట్లండ్‌లో తయారైన ఆల్బియన్ బండ్లు. వాటిలో ఒకదాన్ని ఇప్పటికీ హైదరాబాద్ బస్ భవన్‌లో చూడవచ్చు. మన బస్సుల నంబరులో ‘జెడ్’ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని తాతల నాటి నుంచీ చెప్పుకుంటారు.

ఆ బస్సులు నిలబడిన చోటు ఇంకా విచిత్రమైనది. గౌలిగూడ బస్టాండు షెడ్డు నిజానికి విమానాలు నిలపడానికి 1930లో కట్టినదనీ, మిసిసిపీ హ్యాంగర్ అని దానికి పేరనీ చెబుతారు. సూర్యాపేట నుంచి పట్నం పోయిన రెండు మూడు తరాల జనం ఆ గుండ్రటి ఇనుప కప్పు కిందే మూటాముల్లెతో దిగారు. గాలిమోటరు కోసం కట్టిన ఇంట్లో తాము దిగుతున్నామని వాళ్లలో ఎంతమందికి తెలుసో! 1994లో మూసీ ఒడ్డున ఇమ్లీబన్‌లో మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ వచ్చాక జిల్లా బస్సులు అటు మళ్లాయి. పాత షెడ్డు సిటీ బస్సులకు మిగిలింది. 2018 జులై 5 తెల్లవారుజామున అది ఉన్నట్టుండి కూలిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఎనభై ఎనిమిదేళ్లు నిలబడి, మనుషులు లేని వేళ చూసుకొని ఒరిగింది.

ఇంకో సంగతి. నిజాం కాలంలో రైలు, బస్సు, విమానం మూడింటినీ చూసింది ఒకే రైల్వే యంత్రాంగం. బేగంపేటలో ముప్పైల నాడే ఏరో క్లబ్బు వెలిసింది. నిజాం సర్కారు, టాటాలు కలిసి 1945లో డెక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. 1953లో దాన్ని ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపారు. 1958 జనవరి 11న బస్సులు ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థకు వచ్చాయి. రైలు అప్పటికే కేంద్రానిది. ఒక ఇంట్లో పెరిగిన ముగ్గురు అన్నదమ్ములు వేరుపడ్డట్టు అయింది. పంపకాల్లో ఎవరి వాటా వాళ్లకు ముట్టింది కానీ, ఒకరి ఇంటి నుంచి ఇంకొకరి ఇంటికి తొవ్వ వేయాల్సింది ఎవరన్నది తేలలేదు. ఆ తర్వాత జరిగిన కథంతా నాకు ఆ తేలని లెక్కలాగే కనిపిస్తుంది.

మా వైపు జనానికి విమానంతో తొలి పరిచయం ప్రయాణం వల్ల కాలేదు, యుద్ధం వల్ల అయింది. 1948 సెప్టెంబరులో భారత సైన్యం విజయవాడ రోడ్డు వెంట కోదాడ మీదుగా సూర్యాపేటకు వచ్చింది. పైనుంచి విమానాలు దాడి చేశాయి. వెనక్కి పోతూ నిజాం బలగాలు మూసీ వంతెనను పేల్చేశాయి. గాలిమోటరు వచ్చిందంటే బయటికొచ్చి చూడాలా, లోపలికి పోయి దాక్కోవాలా తెలియని రోజులవి.

ఇక బేగంపేట కాలం. విమానాశ్రయం నగరం మధ్యలో ఉంటే విమానాలకు ఇబ్బంది, బస్సెక్కే మనిషికి సుఖం. గౌలిగూడలోనో ఇమ్లీబన్‌లోనో దిగి సికింద్రాబాద్ బస్సెక్కి, అక్కడ మారితే బేగంపేట. సిటీ బస్సులు పోయే రోడ్డు పక్కనే ఎయిర్‌పోర్టు గేటు. మామూలు టికెట్టుతో విమానం గుమ్మం ముందు దిగడమన్నది ఆ రోజుల్లో ఎవరికీ గొప్పగా అనిపించలేదు. దగ్గరలో రైల్వే స్టేషను కూడా ఉంది. 2003 ఆగస్టు 9న ఎంఎంటీఎస్ మొదలైనప్పుడు ఆ లోకల్ రైళ్లు బేగంపేటలో ఆగాయి. అంటే 2003 నుంచి 2008 దాకా హైదరాబాద్ విమానాశ్రయానికి లోకల్ రైలు ఉన్నట్టే. దాన్ని ఎవరూ ఎయిర్‌పోర్ట్ రైలు అనలేదు, బోర్డు పెట్టలేదు, ప్రచారం చేయలేదు. ఉన్నన్నాళ్లూ దాని విలువ తెలియలేదు.

అయితే మా వైపు నుంచి అమెరికాకో దుబాయికో పోయేవాళ్లు నిజంగా బస్సులో పోయారా? పోయేటప్పుడు తక్కువ. సాగనంపడమంటే పెండ్లి తరలినట్టే. కిరాయి జీపులో పదిమంది, ముందు సీట్లో ఇద్దరు పెద్దలు, వెనక సూట్‌కేసుల మీద పిల్లలు. సకినాలు, పచ్చళ్లు, కారప్పొడి కట్టిన మూటలు. దారిలో నార్కట్‌పల్లి దగ్గరో చౌటుప్పల్ దగ్గరో ఆగి చాయ. విమానం ఎగిరిందో లేదో తెలియకపోయినా ఆకాశంలో కనిపించిన ప్రతి దీపానికీ చేతులూపి, తిరిగి అదే జీపులో సగం దారి ఏడుస్తూ, సగం దారి నిద్రపోతూ వచ్చేవారు. తిరిగొచ్చేటప్పుడే మనిషి ఒంటరివాడు. ఏ వేళకు దిగుతాడో ముందు కచ్చితంగా తెలియదు, జీపు పంపితే ఎదురుచూసే కిరాయి. అప్పుడు పనికొచ్చింది ఆర్టీసీయే. పల్లెటూరోణ్ని వెక్కిరించడానికి పట్నంలో ‘ఎర్రబస్సు దిగొచ్చాడు’ అంటారు. మా ఊళ్లో మాత్రం అమెరికా నుంచి వచ్చినవాడు కూడా దిగేది ఎర్రబస్సులోంచే.

2008 మార్చి 14న శంషాబాద్ విమానాశ్రయాన్ని సోనియాగాంధీ ప్రారంభించారు. మార్చి 22 అర్ధరాత్రి దాటాక బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి, 23 నుంచి అన్నీ శంషాబాద్‌లోనే. 5,495 ఎకరాల స్థలం, ఏడాదికి 1.2 కోట్ల మందికి సరిపడే టెర్మినల్. కానీ నగరం నడిబొడ్డుకు పాతిక కిలోమీటర్ల దూరం. బెంగళూరు రోడ్డు మీద శంషాబాద్ ఊళ్లో దిగినవాడికి టెర్మినల్ ఇంకా లోపలే. రెండు నెలల తర్వాత, మే 24న, బెంగళూరు కూడా దేవనహళ్లిలో కొత్త విమానాశ్రయం తెరిచింది. అప్పటికి అక్కడా రైలు లేదు. రెండు నగరాలూ ముందు రన్‌వే కట్టి, మనుషులు ఎట్లా చేరతారన్నది తర్వాత ఆలోచించాయి. ఇంగ్లండులో గాట్విక్ టెర్మినల్‌ను 1936లోనే రైల్వే స్టేషనుతో కలిపి కట్టారు. లండన్ మెట్రో హీత్రూ టెర్మినళ్ల దాకా 1977లో పోయింది. ఇవి తెలియని సంగతులేం కావు. మద్రాసులో తిరుశూలం లోకల్ స్టేషను విమానాశ్రయానికి ఎదురుగానే ఉంది, 2016లో మెట్రో కూడా వచ్చింది.

శంషాబాద్‌కు మొదట వచ్చినవి కార్ల తొవ్వలు. 2009 అక్టోబరు 19న మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే తెరిచారు. ఔటర్ రింగ్ రోడ్డులో ముందుగా పూర్తయింది గచ్చిబౌలి నుంచి శంషాబాద్ ముక్క, 2008 నవంబరులోనే. 158 కిలోమీటర్ల ఔటర్‌లో మా వంతు పెద్ద అంబర్‌పేట దగ్గర వస్తుంది. అది తెరుచుకున్నాక సూర్యాపేట నుంచి కారులో పోయేవాళ్లకు నగరం ముఖం చూసే పనే లేకుండా పోయింది. పెద్ద అంబర్‌పేటలో ఎక్కితే బొంగుళూరు, తుక్కుగూడ మీదుగా నేరుగా శంషాబాద్. 2012 చివరికి విజయవాడ రోడ్డు కూడా నాలుగు వరసలైంది. కారు కొనుక్కోగలిగినవాడికి దారి దగ్గరైంది, బస్సు ఎక్కేవాడికి విమానాశ్రయమే దూరం జరిగింది.

బస్సుల సంగతికి వస్తే, కొత్తలో ఏరో ఎక్స్‌ప్రెస్ అనే ఏసీ బస్సులు తిరిగాయి. తర్వాత ఆర్టీసీ పుష్పక్‌లు వచ్చాయి. పేరు పెట్టినవాళ్లకు దండం పెట్టాలి. పుష్పక విమానంలో ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుంటుందని కదా పురాణం. తెల్లవారుజామున మూడింటికి ఈ బస్సెక్కితే చాలాసార్లు అది నిజమే అనిపిస్తుంది, సగం సీట్లు ఖాళీగా ఉంటాయి. మామూలు సిటీ బస్సులు డిపోకు చేరి పడుకున్నాక కూడా రాత్రంతా తిరిగేవి ఇవే. 2019 మార్చిలో 40 ఎలక్ట్రిక్ బస్సులు ఎయిర్‌పోర్టు దారుల్లోకి దిగాయి. చప్పుడు లేని బస్సు ఎక్కితే మా తాతలకు అది గాలిమోటరే అనిపించేదేమో.

పుష్పక్‌లలో మా పాలిటి బస్సు ఎల్‌బీ నగర్ మీదుగా పోయేది. సూర్యాపేట హైటెక్ బస్టాండులో ఎక్కినవాడు దాదాపు 130 కిలోమీటర్లు వచ్చి ఎల్‌బీ నగర్‌లో దిగుతాడు. పక్కనే ఇంకో బస్సు ఎక్కి, కర్మన్‌ఘాట్, చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్ మీదుగా శంషాబాద్ చేరతాడు. ఒక్క మారుడే. ఇమ్లీబన్ దాకా పోయి వెనక్కి రావాల్సిన పని లేదు. కష్టమంతా ఆ రోడ్డు దాటడంలో, రెండు పెట్టెలు లాక్కుంటూ ఏ స్తంభం దగ్గర ఆ బస్సు ఆగుతుందో కనుక్కోవడంలో ఉంది. విమానాశ్రయంలో ఏ గేటుకు ఎన్ని అడుగులో కూడా బోర్డులుంటాయి. ఎల్‌బీ నగర్‌లో మాత్రం పండ్ల బండి అబ్బాయే విచారణ కౌంటరు.

రైలు మాట మళ్లీ మళ్లీ వచ్చింది. ఎంఎంటీఎస్ రెండో దశలో ఫలక్‌నుమా నుంచి ఉందానగర్ మీదుగా విమానాశ్రయం దాకా పట్టాలు వేయాలనుకున్నారు. 2023 ఏప్రిల్ 8న ఉందానగర్ దాకా రైలుకు ప్రధాని జెండా ఊపారు. ఉందానగర్ స్టేషను శంషాబాద్‌ను ఆనుకొనే ఉంది. అక్కడి నుంచి టెర్మినల్‌కు మిగిలిన ఆ ఐదారు కిలోమీటర్లు పట్టాలకు ఎక్కలేదు. ఏరు దాటి ఒడ్డున కూర్చున్నట్టుంది.

మెట్రో కథలో వ్యంగ్యం ఇంకా ఎక్కువ. 2017 నవంబరు 28న ప్రారంభమైన మొదటి 30 కిలోమీటర్లలో ప్రకాశ్‌నగర్ స్టేషను ఒకటి. దిగితే ఎదురుగా బేగంపేట పాత విమానాశ్రయం! మెట్రో విమానాశ్రయానికి వచ్చింది కానీ విమానాలు లేచిపోయిన తొమ్మిదేళ్లకు వచ్చింది. మరుసటి ఏడాది సెప్టెంబరు 24న మెట్రో ఎల్‌బీ నగర్‌కు చేరడంతో సూర్యాపేట బస్సుల్లో వచ్చేవాళ్లకు కొంత మేలైంది. 2022 డిసెంబరు 9న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ రాయదుర్గం నుంచి శంషాబాద్‌కు 31 కిలోమీటర్ల ఎయిర్‌పోర్ట్ మెట్రోకు శంకుస్థాపన చేశారు. అంచనా ఖర్చు 6,250 కోట్లు. గచ్చిబౌలి ఐటీ కొలువుల వైపు నుంచి ఔటర్ పక్కగా పోయే దారి అది. రోజూ విమానమెక్కేవాళ్లు ఆ పడమటి దిక్కునే ఉంటారన్నది లెక్క. మా పెట్టెలు ఆ లెక్కలో ఉన్నట్టు లేవు.

ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారింది, దారీ మారింది. రేవంత్‌రెడ్డి ప్రభుత్వం ఆ ప్రణాళికను పక్కనపెట్టి, నాగోల్ నుంచి ఎల్‌బీ నగర్, చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్ మీదుగా విమానాశ్రయానికి 36.8 కిలోమీటర్ల మార్గం ఎంచుకుంది. 24 స్టేషన్లు. మొత్తం 76.4 కిలోమీటర్ల రెండో దశకు 24,269 కోట్ల అంచనాతో 2024 అక్టోబరులో మంత్రివర్గం ఆమోదం తెలిపి, తర్వాత కేంద్రానికి పంపింది. గీసిన గీత సరిగ్గా మా పుష్పక్ పోయే తొవ్వే! కాబట్టి మొదటిసారి తూర్పు దిక్కు జనం కూడా ఎయిర్‌పోర్టు పటంలోకి ఎక్కారని సంతోషించాను. గీత ఎక్కినంత మాత్రాన రైలు ఎక్కినట్టు కాదని ఉందానగర్ గుర్తుచేస్తూనే ఉంటుంది. ఈలోగా శంషాబాద్‌లో 2023-24లో దిగిన, ఎక్కిన జనం రెండున్నర కోట్లు. మొదట కట్టిన టెర్మినల్ లెక్కకు రెట్టింపు.

2023 డిసెంబరు 9న, రాయదుర్గం మెట్రో శంకుస్థాపనకు సరిగ్గా ఏడాదికి, మహాలక్ష్మి పథకం వచ్చింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితం. ఇప్పుడు మా ఊరి ముసలవ్వ పల్లెవెలుగులో సూర్యాపేటకు, అక్కడి నుంచి ఎక్స్‌ప్రెస్‌లో ఎల్‌బీ నగర్‌కు జీరో టికెట్టుతో పోతుంది. కొడుకును చూడబోతున్నానని చెప్పి పుష్పక్ ఎక్కి, ఆధార్ కార్డు తీసి ముందుకు చాచుతుంది.

“అవ్వా, ఇది ఏసీ బస్సు. జీరో టికెట్టు ఇండ్ల నడ్వది. పైసలియ్యాలె.”

“గాలిమోటర్ల ఎట్లనో పైసలు కట్టిండు నా కొడుకు. దాని తాన్కి పోయే బస్సుకు గూడ కట్టాల్నా బిడ్డా?” అంటూనే, నడుముకు దోపిన సంచి ముడి విప్పుతుంది.