మందు

సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు దాకా ముంబయి రోడ్డు వెంట వచ్చేవారికి తెలుగు వ్యాకరణంలో ఒక వింత కనిపిస్తుంది. ‘మందుల షాపు’ అంటే మాత్రలు దొరికేది. ‘మందు షాపు’ అంటే సీసాలు దొరికేది. బోర్డు మీద ‘వైన్స్’ అని రాసుకున్నా జనం నోట్లో అది మందు షాపే. ఏకవచనానికీ బహువచనానికీ ఇంత ఎడం ఉన్న మాట ఇంకోటి నాకు తోచడం లేదు.

అసలు ‘మందు’ అనే మాట విడిగా నిలబడితే దాని అర్థం తేలదు. పక్కన క్రియ పడాలి, చేసినవాడెవడో తెలియాలి. మందు వేసుకున్నాడంటే రోగి. మందు చల్లిండంటే యూరియా. మందు కొట్టిండంటే మనిషి చేలో ఉన్నాడా, చెట్టుకింద కూర్చున్నాడా చూసుకోవాలి. మందు పెట్టిండ్రంటే వశీకరణం. మొగుడు మందు తాగిండంటే ఊరు నవ్వుకుంటుంది. పెళ్లాం మందు తాగిందంటే ఊరు పరుగెత్తుతుంది. అప్పులపాలైన రైతు మందు తాగిండన్నా అంతే. మా జిల్లాలో ఇంకో అర్థం కూడా ఉంది. కల్తీ కల్లులో కలిపే అల్ప్రాజోలాం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్‌లను కూడా మందు అనే అంటారు. డాక్టరు చీటీ మీద రాస్తే మందు, కల్లు కుండలో పడితేనూ మందే.

మాట పాతది, మనవైపు భాషలన్నిటిదీ. తమిళంలో మరుందు, మలయాళంలో మరున్ను, కన్నడంలో మద్దు. కన్నడిగులకు కూడా మద్దు అంటే ఔషధమూ, తుపాకిలో కూరేదీ. మన మందుగుండు వాళ్లకు మద్దుగుండు. గ్రీకు ‘ఫార్మకాన్’కు మందు, విషం అని రెండర్థాలున్నాయని పండితులు గొప్పగా చెబుతుంటారు. మన మాటకు అరడజను అర్థాలున్నా ఎవరికీ ఆశ్చర్యం కలగలేదు, ఇంట్లో మాట కదా. ‘మందూ మాకూ’ జంటలో మాకు అంటే మ్రాకు, చెట్టు. మందు చెట్టు నుంచి వచ్చిన కాలపు జ్ఞాపకం అందులో ఉంది. ఆ సంబంధం పూర్తిగా తెగిపోలేదు కూడా. మాత్రకు ఒళ్లు కట్టడానికి వాడే మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ పొడిని ఇవాళ్టికీ చెట్టు గుజ్జు నుంచే తీస్తారు. ఆ పొడి తయారుచేసే పాశమైలారంలోని సిగాచి కర్మాగారంలో 2025 జూన్ 30న పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయారు. మందు, మాకు, మందుగుండు మూడూ ఒక్కచోటే కలిశాయి.

ఈ మాటకు ఇక్కడ చేరిన కొత్త క్రియ ‘పారడం’. ఎన్నికలప్పుడు మద్యం ఏరులై పారిందని పత్రికలు రాస్తాయి, అది అతిశయోక్తి. పటాన్‌చెరులో మాత్రలోని మందు నిజంగానే వాగులో పారింది. ఆ సంగతిని అంకెల్లో పెట్టినవాడు స్వీడన్‌వాడు. గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో పర్యావరణ ఔషధశాస్త్రం చెప్పే యోకిమ్ లార్సన్ తన పరిశోధనా జీవితాన్ని చేపలతో మొదలుపెట్టాడు. పట్టణపు మురుగునీటిలో కొట్టుకొచ్చే గర్భనిరోధక మాత్రల హార్మోను చేపల ఒంట్లోకి చేరుతోందని 1999లో ఆయన బృందం చూపించింది. అక్కడి లెక్కంతా లీటరుకు నానోగ్రాముల్లో. అప్పట్లో ఈ రంగంలోవాళ్ల చూపంతా రోగి మూత్రం మీదే. మందు తయారయ్యేచోట నీళ్లెలా ఉన్నాయో చూద్దామన్న ఆలోచన చాలామందికి రాలేదు. లార్సన్‌కు వచ్చింది.

చుట్టుపక్కల 90 దాకా మందుల కంపెనీల వ్యర్థజలం ట్యాంకర్లలో పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రానికి వచ్చేది. శుద్ధి చేసి వదిలిన నీటిని ఆయన బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించింది. సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉంది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. రోజుకు సుమారు 45 కిలోలని లెక్క తేలింది. 500 మిల్లీగ్రాముల మాత్రలుగా కొడితే 90 వేలు. స్వీడన్ దేశమంతా అయిదు రోజుల్లో వాడేంత. 2009లో వచ్చిన ఇంకో పత్రం ప్రకారం ఊళ్ల బావుల్లోనూ మందులు దొరికాయి. అందులో సిట్రజిన్ ఒకటి, తుమ్ములకు మనందరం వేసుకునేదే.

ఊళ్లవాళ్లకు ఇది కొత్త కాదు. ఇసకవాగు, నక్కవాగు పాడయ్యాయని వాళ్లు ఎప్పటినుంచో మొత్తుకుంటూనే ఉన్నారు. పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు వాళ్ల తరఫున ఏళ్ల తరబడి కొట్లాడారు. 1990లోనే కేసు సుప్రీంకోర్టుకెక్కింది. అయితే మన ఫిర్యాదుల్లో ‘కలుషితం’ అన్న మాటే తప్ప కలిసినదాని పేరు లేదు. లార్సన్ ఆ పేరూ కొలతా ఇచ్చాడు. తర్వాత, తన దేశంలో అమ్మే మాత్రల ముడిసరుకు ఎక్కడిదని కూపీ లాగితే, వాటిలో చాలా వాటి దారి ఈ శుద్ధి కేంద్రం వైపే వచ్చింది. ‘కాలుష్యం జరిగింది’ అని మనం కర్త లేకుండా రాసుకునే వాక్యానికి అలా కర్తలు దొరికారు, కొనేవాడితో సహా.

మోతాదు అన్న మాట అరబీ నుంచి ఉర్దూ మీదుగా మనకొచ్చింది. మూలంలో దాని అర్థం ‘అలవాటైనది’. వాడుకలో ఎంత పరిపాటో అంత. వాగు అడుగున బురదలోని సూక్ష్మజీవులకు ఈ అర్థమే సరిపోయింది. ఆ బురదలో యాంటీబయాటిక్‌లను తట్టుకునే జన్యువులు దండిగా ఉన్నాయనీ, వాటిని ఒక సూక్ష్మజీవి నుంచి ఇంకోదానికి చేరవేసే జన్యుభాగాలు కూడా ఉన్నాయనీ 2011లో తేల్చారు. దగ్గర్లోని కాజిపల్లి చెరువులో 2014లో అలాంటి ఫలితమే వచ్చింది. ఆ జన్యువులు వాగు దాటి ఎంత దూరం పోయాయన్నది వేరే ప్రశ్న, దానికి తొందరపడి జవాబు చెప్పకూడదు. యాంటీబయాటిక్‌లకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచంలో 12.7 లక్షల మంది చనిపోయారన్నది మాత్రం అంచనా వేసిన లెక్క.

మందుకు ప్రాణులు అలవాటుపడతాయన్న ఈ పాఠం మనకు అంతకుముందే పొలంలో వచ్చింది. 1980ల చివర్లో కోస్తా పత్తిలో శనగపచ్చ పురుగు పైరెత్రాయిడ్ మందులకు లొంగడం మానేసింది. పటాన్‌చెరులోనే 1972లో మొదలైన పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ కంది, శనగ పంటల్లో ఆ పురుగుతోనే దశాబ్దాలుగా పెనుగులాడింది. అప్పుడు రైతు అన్నదీ, ఇప్పుడు ఆస్పత్రిలో డాక్టరు అంటున్నదీ ఒకే మాట: ‘మందు పనిచేస్తలేదు’. శాస్త్రవేత్తలు మాత్రం ఒకరు కీటకశాస్త్రంలో, ఒకరు వైద్యంలో, ఒకరు జలపరిశోధనలో విడివిడిగా కూర్చున్నారు. మన భాష వాటిని ఎన్నడూ విడదీయలేదు. తెలియక కాదు, వాడుకలో తేడా లేదు గనుక.

మందుల కంపెనీలు వదిలే నీటిలో ఏ యాంటీబయాటిక్ ఎంతకు మించరాదో పరిమితులు పెడుతూ కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరిలో ముసాయిదా ప్రకటించింది. 2021 ఆగస్టులో ఖరారు చేసిన నోటిఫికేషన్‌లో ఆ పట్టిక లేదు. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇదే విషయం మీద మార్గదర్శకాలిచ్చింది. అవి సలహాలు, చట్టం కాదు. తీసేసిన పట్టికను మళ్లీ చట్టంలో చేర్చాలి.