సెగెడ్‌లో దొరికిన పోగు

హంగరీ దక్షిణాన, టీసా నది ఒడ్డున ఉన్న సెగెడ్ ఊరు మిరప పొడికి పేరు మోసింది. అక్కడి విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ సెంట్-జార్జి ఆ మిరపకాయల నుంచే సి విటమిన్‌ను పెద్ద మొత్తంలో తీశారు. 1937లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పేరు మీదే మిగతా జీవితం వెళ్లదీయవచ్చు. ఆయన మాత్రం కండరం ఎలా ముడుచుకుంటుందో తేల్చుకుందామని కూర్చున్నారు.

మాస్కోలో ఎంగెల్‌హార్ట్, ల్యుబిమోవా దంపతులు 1939లో ఒక సంగతి బయటపెట్టారు. కండరంలోని మయోసిన్ అనే ప్రోటీన్, కణానికి శక్తినిచ్చే ఏటీపీని విడగొడుతుందని. సెగెడ్ బృందం అక్కడి నుంచే అందుకుంది.

ప్రయోగం చేతుల్లోకి తీసుకున్నది ఇలోనా బాంగా. కుందేలు కండరాన్ని మెత్తగా కొట్టి, గాఢమైన ఉప్పునీటిలో 20 నిమిషాలు ఉంచితే పల్చటి మయోసిన్ ద్రవం వచ్చేది. అదే ముద్దను మర్నాటిదాకా వదిలేస్తే గంజిలా చిక్కబడిన ద్రవం వచ్చింది. ఏటీపీ కలపగానే ఆ చిక్కదనం ఎగిరిపోయింది. పల్చటి ద్రవంలో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు లేదు. మొదటిదాన్ని మయోసిన్ ఎ అన్నారు, రెండోదాన్ని బి అన్నారు. బి నుంచి సన్నని పోగులు తీసి ఏటీపీ కలిపితే అవి కళ్ల ముందే కుంచించుకుపోయాయి. కండరం కదలికను కండరం బయట చూడటం అది. తన పరిశోధన జీవితంలో అంతటి ఉద్వేగం మరెప్పుడూ కలగలేదని సెంట్-జార్జి తర్వాత రాసుకున్నారు.

ఎ కీ బి కీ తేడా ఎక్కడుంది? జవాబు బ్రూనో స్ట్రౌబ్‌కు దొరికింది. 1942లో ఆయన వయసు 28 ఏళ్లు. మయోసిన్ తీసేశాక మిగిలిన కండరపు పిప్పిని అసిటోన్‌తో కడిగి, ఆరబెట్టి పొడి చేశారు. ఆ పొడి నుంచి నీటిలోకి దిగిన ప్రోటీన్‌ను మయోసిన్ ఎ లో కలిపితే అది బి లాగా ప్రవర్తించింది. ఆ ప్రోటీనే ఆక్టిన్. ఈనాటికీ ప్రయోగశాలల్లో ఆక్టిన్ తయారీ చాలావరకు ఆ అసిటోన్ పొడితోనే మొదలవుతుంది.

అసలు విశేషం తర్వాత బయటపడింది. ఆక్టిన్ ఉన్న పల్చటి నీటిలో కాస్త ఉప్పు వేస్తే, మయోసిన్ ఊసే లేకుండా, ద్రవం చిక్కబడింది. విడివిడి అణువులు ఒకదానికొకటి అతుక్కుని పొడవాటి తంతువులవుతున్నాయన్నమాట. ప్రతి అణువూ ఒక ఏటీపీని మోసుకొస్తుందనీ, గొలుసులో చేరాక అది విడిపోయి ఏడీపీగా మారుతుందనీ స్ట్రౌబ్, ఫోయర్ 1950లో చూపించారు.

ఈలోగా రెండో ప్రపంచయుద్ధం చాలా మార్చేసింది. పశ్చిమ దేశాల పత్రికలతో సంబంధాలు తెగి, సెగెడ్ ఫలితాలు ఆ సంస్థ సొంతంగా అచ్చువేసుకున్న సంపుటాల్లోనే ఉండిపోయాయి. 1943లో మిత్రరాజ్యాలతో రహస్య మంతనాలకు ఇస్తాంబుల్ వెళ్లిన సెంట్-జార్జి, ఆ తర్వాత గెస్టపోకు దొరక్కుండా దాక్కోవాల్సి వచ్చింది. కండరాల పని మీద ఆయన రాసిన గ్రంథం 1945లో స్వీడన్ పత్రికలో వెలువడ్డాకే బయటివాళ్లకు సంగతి తెలిసింది. స్ట్రౌబ్ హంగరీలోనే ఉండిపోయి, 1988లో ఏకంగా దేశాధినేత అయ్యారు! జీవరసాయన శాస్త్రవేత్తలకు ఇలాంటి పదవులు అరుదు.

ఆక్టిన్‌ను మాత్రం చాలాకాలం కండరం సొత్తుగా, మయోసిన్‌కు తోడుగానే చూశారు. 1966లో జపాన్‌లో హతానో, ఊసావా కండరమే లేని బంక బూజు నుంచి ఆక్టిన్ తీశారు. 1974లో లాజరైడిస్, వెబర్ ఆక్టిన్‌ను పట్టుకునే ప్రతిరక్షకాలకు మెరిసే రంగు పట్టించి చూస్తే, మామూలు కణంలో ఈ కొస నుంచి ఆ కొసకు ఆక్టిన్ కట్టలు బారులు తీరి కనిపించాయి. కణానికి ఆకారం నిలిపే సైటోస్కెలిటన్‌లో అదొక ముఖ్య భాగమని తేలింది. రెండేళ్లకు వెగ్నర్ మరో కిటుకు విప్పారు: తంతువుకు ఒక కొసన అణువులు చేరుతుంటే, రెండో కొసన రాలిపోతుంటాయి. ఏటీపీ ఖర్చవుతున్నంత సేపూ పొడవు మారకుండానే తంతువు ముందుకు జరుగుతుంది. పాకే కణం తన ముందంచును తోసుకెళ్లడానికి వాడుకునేది ఇలాంటి పెరుగుదలనే.

ఇదే పెరుగుదలను లిస్టీరియా బ్యాక్టీరియా కూడా వాడుకుంటుంది: మనిషి కణంలో దూరి, ఆ కణపు ఆక్టిన్‌నే తన వెనక తోకలా పేర్పించుకుని దూసుకుపోతుంది. 1999లో ఫ్రాన్స్‌లో కార్లియే బృందం ఈ పరుగును కణం బయట, శుద్ధి చేసిన కొద్దిపాటి ప్రోటీన్లతో తిరిగి సాధించింది. ఆక్టిన్, దానికి కొమ్మలు వేయించే ఆర్ప్2/3, తంతువుల పెరుగుదలను అదుపు చేసే ఒకట్రెండు ప్రోటీన్లు, ఏటీపీ. బ్యాక్టీరియా కదిలింది. ఆ మిశ్రమంలో మయోసిన్ అవసరమే పడలేదు.