తొట్టికి రెండడుగుల వెనక

ఆటోనగర్ గేటు దగ్గర దిగి లోపలి వీధుల్లోకి తిరగండి. లారీ బాడీల మీద సుత్తిదెబ్బలు అప్పుడే మొదలైపోయాయి. నాలుగు మలుపులు తిరిగితే క్రోమ్ ప్లేటింగ్ చేసే ఓ రేకుల షెడ్డు. లోపల అడుగు పెట్టగానే గొంతులో ఏదో గీరుకుపోయినట్టుంటుంది.

తొట్టిలో ద్రావణం చిక్కటి చింతపండు పులుసు రంగులో ఉంది. వంగి చూడకండి, రెండడుగులు వెనకే నిలబడండి. ట్రాక్టరు హైడ్రాలిక్ రాడ్డొకటి అందులో వేలాడుతోంది. కరెంటులో ఎక్కువ భాగం దానికి క్రోమ్ పట్టించకుండా హైడ్రోజన్ బుడగలు పుట్టించడానికే పోతుంది. బుడగ చిట్లినప్పుడల్లా సన్నటి తుంపర లేస్తుంది. అందులో ఉన్నది హెక్సావాలెంట్ క్రోమియం, అంటే ఆరు సంయోజకత రూపం. ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తుందని రుజువైన రూపం అదే.

"బాబాయ్, ఎన్నేళ్లయింది ఈ పనిలో?"

"ఇరవై దాటాయండి." పెద్దాయన చేతులు చాచాడు. వేళ్ల కణుపుల మీద మిరియపు గింజంత గుంటలు, మానిన పుళ్ల మచ్చలు. "క్రోమ్ తినేసిందండి."

జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. లిపిడ్ ప్రొఫైల్. కొలెస్ట్రాల్ అంకె కింద పెన్నుతో గీత. "నూనె తగ్గించమన్నారు డాక్టరుగారు. ఏం పని చేస్తావని మాత్రం అడగలేదండి."

అడిగి తీరాల్సిన ప్రశ్న అది. ఆయన కొలెస్ట్రాల్ క్రోమ్ వల్లే పెరిగిందని నేననను. తిండి, వయసు, వంశం అన్నీ ఉంటాయి. కానీ ఆ తుంపరలోని క్రోమియం రూపంలో సల్ఫేట్‌ని పోలి ఉంటుంది. అందుకే కణంలోకి సల్ఫేట్ వెళ్లే దారినే దర్జాగా దూరిపోతుంది. లోపల అది మూడు సంయోజకత రూపానికి దిగేటప్పుడు పుట్టే ఫ్రీ రాడికల్స్ కణాల పొరల్లోని కొవ్వును చెడగొడతాయి. డబ్బాలో నిలవున్న నూనె గాలి తగిలి వాసన కొట్టడం చూశారుగా, ఇంచుమించు అలాగే. బెంగళూరులోని ప్రాంతీయ వృత్తి ఆరోగ్య కేంద్రం శాస్త్రజ్ఞులు క్రోమ్ ప్లేటింగ్ కార్మికుల రక్తం పరీక్షించి 2006లో ఇదే ప్రచురించారు: ప్లాస్మాలో చెడిన కొవ్వు జాడలు ఎక్కువ, దాన్ని అడ్డుకునే ఎంజైములు తక్కువ. చెడిన ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ రక్తనాళాల గోడల్లో పేరుకుంటుందని వైద్యులందరికీ తెలుసు. పెద్దాయన చేతిలోని కాగితం మాత్రం కొవ్వు ఎంతుందో చెబుతుంది, ఎంత చెడిందో చెప్పదు.

మూడు సంయోజకత క్రోమియం సంగతి వేరు. కొండపల్లి కొండల్లోని క్రోమైట్ రాయిలో ఉండేది, షుగరుకి మంచిదంటూ మాత్రల్లో అమ్మేది ఆ రూపమే. లోహం పేరొకటే కదా అని ఈ తొట్టి దగ్గర ధీమాగా ఉంటే ప్రాణం మీదికొస్తుంది.

స్విచ్చు కట్టేశారు. పెద్దాయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, తువ్వాలు ముక్కుకి చుట్టుకున్నాడు. కొక్కెం పట్టి రాడ్డు పైకి లాగి నీళ్ల తొట్టి వైపు నడిచాడు. దారి పొడుగునా పసుపు చుక్కలు హవాయి చెప్పుల మీద, కాలివేళ్ల మీద పడుతున్నాయి.