మాడిసన్ నెగడు దగ్గర ఎవరేమన్నారు?

1870 సెప్టెంబరు 19, రాత్రి. అమెరికాలో ఇప్పుడు ఎల్లోస్టోన్ పార్కు ఉన్న ప్రాంతం. ఫైర్‌హోల్, గిబ్బన్ అనే రెండు ఏరులు కలిసి మాడిసన్ నది అయ్యే చోట కొందరు మగవాళ్లు నెగడు వేసుకుని కూర్చున్నారు. నెల రోజులుగా గుర్రాల మీద తిరిగి వేడినీటి బుగ్గలు, ఆకాశానికి చిమ్మే గీజర్లు, పసుపురంగు లోయ, కొండల మధ్య పెద్ద సరస్సు అన్నీ చూసి ఇళ్లకు మళ్లినవాళ్లు. మాటల్లో ఒకాయన, మంచి మంచి చోట్లు తలా ఒకటి పేరున రాయించుకుందాం, రేపు జనం చూడ్డానికి వస్తే డబ్బే డబ్బు అన్నాడట. ఇంకొకాయన, అన్నీ కలిపి రాయించుకుని వాటాలు వేసుకుందాం అన్నాడట. అప్పుడు కార్నీలియస్ హెడ్జెస్ అనే లాయరు అడ్డుపడి, ఇది ఏ ఒక్కరి సొత్తూ కాకూడదు, దేశం మొత్తానికి పార్కుగా ఉంచేద్దాం అన్నాడట. దాదాపు అందరూ సరేనన్నారట. ఏడాదిన్నర తిరక్కుండా, 1872 మార్చి 1న, అధ్యక్షుడు గ్రాంట్ సంతకంతో ప్రపంచంలో మొదటి జాతీయ పార్కు పుట్టింది.

దశాబ్దాల పాటు పార్కు తన పుట్టుక గురించి చెప్పుకున్న కథ ఇది. ఆ చోట ఫలకం పెట్టారు. ఎదుటి కొండకు నేషనల్ పార్క్ మౌంటెన్ అని పేరు పెట్టారు. 1950ల చివర్లో అక్కడే ఏటా నాటకంగా కూడా వేశారు. వేసవి సెలవుల్లో వ్యాన్లు అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్ వెళ్లే మన అమెరికా తెలుగువాళ్లు పులిహోర డబ్బాలు మూత తీసే బల్లలు కూడా ఆ చుట్టుపక్కలే.

ఇందులో చిక్కల్లా ఒకటే. ఆ రాత్రి జరిగిన ఈ మాటామంతీని ఆ ఏడాది ఎవరూ ఎక్కడా రాయలేదు.

పూసగుచ్చినట్టు చెప్పిన మనిషి నథానియల్ లాంగ్‌ఫర్డ్, ఆ బృందంలో ఒకడు. 1905లో తన ప్రయాణపు డైరీ అంటూ పుస్తకం అచ్చువేశాడు. అప్పటికి ముప్పై అయిదేళ్లు గడిచాయి. అందులో సెప్టెంబరు 20 తేదీ కింద, ముందురాత్రి హెడ్జెస్ చేసిన ప్రతిపాదన, ఆ ఆలోచనతోనే తనకు సగం రాత్రి నిద్ర పట్టకపోవడం ఉన్నాయి. తాను అటూ ఇటూ దొర్లడం వల్ల పక్కన పడుకున్న హెడ్జెస్‌కు నిద్ర చెడి ఉంటే అది ఆయన చేసుకున్న పాపమే అని ఒక చమత్కారం కూడా విసిరాడు. ఆ పుస్తకానికి మూలమైన చేతిరాత డైరీ మాత్రం లాంగ్‌ఫర్డ్ కాగితాల్లో కనబడలేదు.

హెడ్జెస్ డైరీ ఉంది. 1904లో మోంటానా చరిత్ర సంఘం దాన్ని అచ్చువేసింది. అదే తేదీ, అదే పక్క. రాత్రి సరిగా నిద్ర పట్టలేదని ఆయనా రాశాడు. ఎందుకంటే ఇల్లు, వ్యాపారం గుర్తుకొచ్చాయట. పార్కు ఊసే లేదు. అచ్చువేసే సమయంలో మాత్రం అడుగున ఒక వివరణ చేర్చాడు, ఆ మజిలీలోనే తాను మొదటిసారి జాతీయ పార్కు మాట ఎత్తానని. అంటే 1870 నాటి రాత ఒకటి చెబుతోంది, ముసలితనంలో చేర్చిన అడుగు గమనిక ఇంకొకటి చెబుతోంది.

ఇద్దరూ ఒకే పక్క మీద నిద్ర లేకుండా పడుకున్నారు. కారణాలు వేరు. నాకైతే ఇంటి బెంగ మీదే నమ్మకం. ఆ రాత్రి పరిస్థితి చూడండి. తోటివాడు ట్రూమన్ ఎవర్ట్స్, యాభై దాటినవాడు, చూపు మందం, సెప్టెంబరు 9న అడవిలో తప్పిపోయాడు. సరస్సు ఒడ్డున రోజుల తరబడి వెతికారు. తిండి అయిపోవస్తుంటే చేసేది లేక ముందుకు కదిలారు. ఆయన బతికే ఉన్నాడని, ముళ్లమొక్కల దుంపలు తిని ముప్పై ఏడు రోజులు ఈడ్చుకొచ్చి అక్టోబరు మధ్యలో దొరుకుతాడని అప్పటికి వాళ్లకేం తెలుసు? అలాంటి గుంపులో భూముల వాటాల మాట రాలేదని నేననను. దేశానికి దానం చేసే ఉత్సాహం పొంగిందంటేనే కొంచెం ఆగాలనిపిస్తుంది.

మిగతావాళ్ల రాతలూ ఉన్నాయి. బృందం పెద్ద, మోంటానా సర్వేయర్ జనరల్ హెన్రీ వాష్‌బర్న్ తిరిగొచ్చాక పత్రికలకు రాశాడు. రక్షణగా వెళ్లిన లెఫ్టినెంట్ డోన్ సైన్యానికి వివరమైన నివేదిక ఇచ్చాడు. సెనేటర్ కొడుకు వాల్టర్ ట్రంబుల్ మాసపత్రికలో రాశాడు. గీజర్ల ఎత్తులు, జలపాతాల లోతులు, ఎవర్ట్స్ కోసం పడ్డ పాట్లు అన్నీ ఉన్నాయి. నెగడు దగ్గరి తీర్మానం లేదు. లాంగ్‌ఫర్డ్ సంగతి ఇంకా వింత. 1871 మే, జూన్ నెలల్లో స్క్రిబ్నర్స్ పత్రికలో రెండు భాగాల వ్యాసం రాశాడు. దాని చివర పార్కు లేదు గానీ రైలు ఉంది. నార్తర్న్ పసిఫిక్ రైలుమార్గం పూర్తయితే తూర్పు తీరం నుంచి మూడు రోజుల్లో మోంటానా చేరుకోవచ్చని.

రైలు సంగతికి వద్దాం. దానికి ముందు హెడ్జెస్‌కు న్యాయం చేసే ఆధారం ఒకటి చెప్పాలి. 1870 నవంబరు 9న హెలెనా హెరాల్డ్ పత్రికలో ఆయన ఎల్లోస్టోన్ సరస్సు గురించి రాస్తూ, ఈ ప్రాంతం వయోమింగ్‌లో ఉన్నా అటునుంచి రావడానికి దారే లేదు కాబట్టి సరిహద్దులు మార్చి మోంటానాలో కలపాలన్నాడు. ముందుముందు దీన్ని ప్రజల ఉపయోగానికి కేటాయించేలా చూడాలని కూడా ముక్తసరిగా అన్నాడు. నెగడు కథను నమ్మేవాళ్లు పట్టుకున్న గట్టి కొమ్మ ఇదే. కానీ జాతీయ పార్కే మనసులో ఉంటే సరిహద్దు ఎక్కడుంటే ఏం? మోంటానాలో కలపాలన్నాడంటే ఆయన కళ్ల ముందున్నది యోసెమిటీ. 1864 జూన్ 30న లింకన్ సంతకంతో యోసెమిటీ లోయను ప్రజల విహారం కోసమని కాలిఫోర్నియా రాష్ట్రానికి అప్పగించారు. అలాంటి అప్పగింత జరిగితే అది మా ఊరివాళ్ల చేతికి రావాలి అన్నదే హెడ్జెస్ తపన అనిపిస్తుంది.

యోసెమిటీ చట్టం వచ్చిన రెండో రోజు, 1864 జూలై 2న, అదే లింకన్ నార్తర్న్ పసిఫిక్ రైలు కంపెనీ చట్టం మీద సంతకం పెట్టాడు. ఇంకా రాష్ట్రాలు కాని టెరిటరీల్లో ఆ కంపెనీకి దక్కిన భూమి ఎంతంటే, పట్టాలకు అటు నలభై మైళ్లు, ఇటు నలభై మైళ్లు, చదరపు మైలు గడులుగా కోసి గడి విడిచి గడి. ప్రజల భూమిని ఒక చేత్తో దాచి ఇంకో చేత్తో పంచిపెట్టిన వారం అది. ఆ కంపెనీ బాండ్లు అమ్మిపెట్టే పనిని 1870 నాటికి తలకెత్తుకున్నవాడు ఫిలడెల్ఫియా బ్యాంకరు జే కుక్. బాండ్లు అమ్ముడుపోవాలంటే ఆ దారిలో చూడదగ్గదేదో ఉందని జనానికి తెలియాలి. 1870 జూన్‌లో, అంటే బృందం బయల్దేరడానికి రెండు నెలల ముందు, కుక్ ఇంటికి వెళ్లి ఆయన్ని కలిసినవాడు మన లాంగ్‌ఫర్డే. తిరిగొచ్చాక, కుక్‌తో కుదిరిన ఒప్పందం మీద, ఆ చలికాలం తూర్పు నగరాల్లో ఉపన్యాసాలు మొదలుపెట్టాడు. 1871 జనవరిలో వాషింగ్టన్‌లో ఒక ఉపన్యాసం విన్నవాళ్లలో ఫెర్డినాండ్ హేడెన్ ఉన్నాడు. భూగర్భ శాస్త్రవేత్త, ప్రభుత్వ సర్వే అధిపతి. ఆ వేసవిలో నలభై వేల డాలర్ల ప్రభుత్వ సొమ్ముతో హేడెన్ ఎల్లోస్టోన్ వెళ్లాడు. వెంట ఫొటోగ్రాఫర్ విలియం హెన్రీ జాక్సన్, చిత్రకారుడు థామస్ మోరాన్. మోరాన్ ఖర్చులకు కుక్ అయిదు వందల డాలర్లు సర్దాడు.

హేడెన్ తిరిగొచ్చి నివేదిక రాసుకుంటున్నాడు. అప్పుడొచ్చింది అసలు కాగితం. 1871 అక్టోబరు 27 తేదీ, జే కుక్ అండ్ కంపెనీ లెటర్‌హెడ్ మీద, కుక్ దగ్గర పనిచేసే నెటిల్టన్ రాసిన ఉత్తరం. పెన్సిల్వేనియా కాంగ్రెస్ సభ్యుడు విలియం కెల్లీ ఒక మంచి సలహా ఇచ్చారు, యోసెమిటీని ఉంచినట్టే గీజర్ల ప్రాంతాన్ని కూడా ఎప్పటికీ ప్రజల పార్కుగా ఉంచమని కాంగ్రెస్ చేత చట్టం చేయించవచ్చు, మీకు సమ్మతమైతే మీ అధికారిక నివేదికలో ఆ సిఫారసు పెట్టగలరా అని అందులో సారాంశం. ఆ ఉత్తరంలో నెగడు లేదు, హెడ్జెస్ లేడు, లాంగ్‌ఫర్డ్ కూడా లేడు. ఏడాది కిందటే కొందరు పెద్దమనుషులు ఒట్టు పెట్టుకుని ప్రచారం చేస్తున్న ఆలోచన అయితే, వాళ్లలో ఒకరితో ఒప్పందం ఉన్న ఆఫీసు దాన్ని కెల్లీగారి కొత్త ఊహగా ఎందుకు చెబుతుంది?

మూడు రోజుల తర్వాత కుక్ తన రైలు ఇంజనీరు మిల్నర్ రాబర్ట్స్‌కు ఉత్తరం రాశాడు. మోంటానాలో ఉన్న రాబర్ట్స్‌ను కుక్ అడిగిందల్లా ఇందులో మన భూమి ఏమైనా పోతుందా అనే. కారణం కూడా దాచలేదు. త్వరపడకపోతే ఆక్రమణదారులు, హక్కుదారులు దూరిపోతారు. రేపు మన ప్రయాణికుల కోసం అక్కడ ఏం కట్టుకోవాలన్నా ఇంతమంది వ్యక్తులతో బేరాలాడే కంటే ప్రభుత్వంతో వ్యవహారం మేలు అన్నాడు. రాబర్ట్స్ టెలిగ్రాంలో ముక్క ఒకటే కావాలి మనకు: గీజర్లు మన గ్రాంటు బయట ఉన్నాయి.

నా లెక్కలో చిక్కుముడి అక్కడే వీడింది. గడి విడిచి గడి భూమి దక్కే కంపెనీకి ఈ గీజర్లలో ఒక్క గడి కూడా లేదు. తనది కానిది వేరేవాడి చేతికి పోకుండా ఉండటమే దాని లాభం. కుక్ భయం ఉత్తిదీ కాదు. 1871 వేసవికే మామత్ వేడినీటి బుగ్గల దగ్గర ఇద్దరు మనుషులు గుడిసెలు వేసి భూమి మాదేనంటున్నారు. నది మీద ఒకాయన సుంకం వసూలు చేసే వంతెన కట్టాడు. నయాగరా జలపాతం చుట్టూ కంచెలు కట్టి చూపుకు ఇంత అని వసూలు చేసిన భాగోతం దేశమంతటికీ తెలుసు, హేడెన్ ఆ ఉదాహరణే పదేపదే చెప్పాడు.

1871 డిసెంబరు 18న రెండు సభల్లో ఒకే రోజు బిల్లులు పడ్డాయి. పదజాలం చాలావరకు యోసెమిటీ చట్టం నుంచి దించిందే. సెనేట్‌లో కాలిఫోర్నియా సభ్యుడు కోల్ అడ్డు చెప్పాడు. గీజర్లను ఎవరూ పాడుచేయలేరు కదా, జనాన్ని ఆ భూమికి ఎందుకు దూరం పెట్టాలి అని. ఇల్లినాయ్ సెనేటర్ లైమన్ ట్రంబుల్ (నెగడు దగ్గరున్న వాల్టర్ తండ్రే) లేచి, ఎవడో ఒకడు వెళ్లి ఉన్న ఒక్క దారికీ అడ్డంగా కూర్చుని మనిషికి ఇంత అని వసూలు చేస్తే ఏం చేస్తాం అన్నాడు. అబ్బాయి ప్రయాణపు కబుర్లు తండ్రి చెవిన పడే ఉంటాయి. 1872 ఫిబ్రవరి 27న ప్రతినిధుల సభలో 115కు 65 ఓట్లతో నెగ్గింది. చలి, ఎత్తు వల్ల ఈ భూమి సాగుకు పనికిరాదన్న హామీ, ఖజానా నుంచి పైసా అడగమన్న హామీ చాలామందిని నిమ్మళపరిచాయి.

మరి జాతీయ పార్కే ఎందుకు? దీనికి జవాబు అందరి కళ్ల ముందూ పటం మీదే ఉంది. ఎల్లోస్టోన్‌లో సింహభాగం వయోమింగ్ టెరిటరీ, కొంచెం మోంటానా, కొంచెం ఐడహో. 1872లో మూడింట్లో ఒక్కటీ రాష్ట్రం కాదు. యోసెమిటీని తీసుకోవడానికి కాలిఫోర్నియా ఉంది, దీన్ని తీసుకోవడానికి చెయ్యి చాచే రాష్ట్రం లేదు. భూమి మీద హక్కు అమెరికా ప్రభుత్వం దగ్గరే ఉండిపోతుంది, యోసెమిటీకి దీనికీ తేడా అదేనని మసాచుసెట్స్ సభ్యుడు డాస్ సభలో విడమరిచి చెప్పాడు. తర్వాత ప్రపంచమంతా అరువు తెచ్చుకున్న నమూనా, మన 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో జాతీయ పార్కుగా కూర్చున్న నమూనా, ఇలా సరిహద్దు గీతల చలవతో వచ్చింది.

అదే చర్చలో డాస్ ఇంకో మాట కూడా అన్నాడు, ఇండియన్లు ఆ కొండల్లో బతకలేరని. టుకుడికా షోషోనీ జనం అప్పటికి తరతరాలుగా అక్కడే అడవి గొర్రెలను వేటాడుకుంటూ బతుకుతున్నారు. పది సంవత్సరాలు తిరక్కుండానే వాళ్లను పార్కు నుంచి వెళ్లగొట్టారు. నెగడు చుట్టూ కూర్చున్న కొద్దిమందికి ఆ భూమి ఎవరిదో తేల్చే హక్కు ఉన్నట్టు కథ నడుస్తుంది గనుక ఈ సంగతి అందులో ఇమడదు. పులుల అడవిలో ఉంటారా, బయటికి పోతారా అనే ప్రశ్న ఎదురైన నల్లమల చెంచులకు ఇది చెప్పక్కర్లేదు.

నెగడు కథ ఎలా నిలబడిపోయింది? పార్కు పేరు తెచ్చుకున్నాక తండ్రులు ఎక్కువయ్యారు. హేడెన్ నాదే అన్నాడు. బిల్లు తెచ్చిన మోంటానా ప్రతినిధి క్లాగెట్ నాదే అన్నాడు. 1869లో వెళ్లొచ్చిన ముగ్గురిలో ఒకాయనా తర్వాత మాదే అన్నాడు. లాంగ్‌ఫర్డ్ తెలివిగా నాదనలేదు, పక్కవాడిదన్నాడు. ఆయన పార్కు మొదటి సూపరింటెండెంటు, జీతం లేని కొలువు. తన పేరు ముందున్న ఎన్.పి. అక్షరాలను స్నేహితులు నేషనల్ పార్క్ అని చదివేవారు. 1895లో చిట్టెండెన్ రాసిన చరిత్ర ఈ కథకు ముద్ర వేసింది. అందరూ మర్యాదస్థులు, అబద్ధమాడటానికి కూర్చున్నవాళ్లు కారు. ఆ రాత్రి ఎవరో ఏదో మంచి మాట అనే ఉంటారు కూడా. 1960ల్లో పార్కు చరిత్రకారుడు ఆబ్రీ హెయిన్స్ డైరీలూ ఉత్తరాలూ పక్కపక్కన పెట్టి చూసేదాకా ఎవరికీ అడగాలనిపించలేదు. ఆయన పని 1974లో పుస్తకంగా వచ్చింది. సొంత పుట్టుక కథను సొంత ఉద్యోగే కదిలిస్తుంటే పై అధికారులకు ఏమంత రుచించలేదు.

జే కుక్ బ్యాంకు 1873 సెప్టెంబరు 18న దివాలా తీసింది, దానితో దేశమే మాంద్యంలో పడింది. ఆయన లెక్క మాత్రం తప్పలేదు. 1883లో నార్తర్న్ పసిఫిక్ రైలు పార్కు ఉత్తరపు గుమ్మం దగ్గరిదాకా వచ్చింది, లోపల హోటళ్లకు ప్రభుత్వం నుంచి లీజులు తీసుకున్న కంపెనీల వెనక ఆ రైలు డబ్బే తిరిగింది. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ గీజరు పక్కన దుంగలతో లేచిన పెద్ద హోటలు 1904లో తెరిచారు. హెడ్జెస్ డైరీ, ఆ అడుగు గమనికతో సహా, అచ్చయింది ఆ ఏడాదే.